చల్లారిన చాయ్‌కి పెట్టిన పేరు

మాలన్ ఇంట్లో ఇప్పుడు చాయ్ చల్లారడం లేదు.

ఇదివరకు రోజూ చల్లారేది. మగ్గాల షెడ్లలో రాత్రి పాళీవాళ్లు దిగి పగటి పాళీవాళ్లు ఎక్కే వేళకు ఆమె స్టవ్ వెలిగించేది. అల్లం దంచి వేసి, రెండు పొంగులు రానిచ్చి, స్టీలు గ్లాసులో పోసుకుని, వంటింటికీ ముందు గదికీ మధ్య వేలాడే పరదా దాకా తెచ్చేది. పరదా అవతల ఆమె భర్త దిగంబర్ సాత్పుతే పొద్దుటి బ్యాచి పిల్లలకు జావా పాఠం చెబుతూ ఉండేవాడు. కంప్యూటర్ చదువు చదివే పిల్లల ముందుకు వెళ్లాలంటే ఆమెకు మొహమాటం. ఇవతలే నిలబడి, "ఏమండీ, చాయ్" అనేది. "ఆఁ, వస్తున్నా" అనేవాడు. వచ్చేవాడు కాదు. కాసేపాగి మళ్లీ పిలిచేది. మళ్లీ అదే "ఆఁ." మూడోసారి మాత్రం పక్క షెడ్డు చప్పుడును మించి గొంతు పెంచి, "చహా థండ్ ఝాలా" అనేది. చాయ్ చల్లారిపోయింది, అని. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. అప్పుడు పరదా కింద నుంచి ఒక చెయ్యి వచ్చి గ్లాసు అందుకునేది.

ఇప్పుడు ఒక్క గ్లాసుడు నీళ్లే పెడుతుంది. స్టవ్ దగ్గరే నిలబడి, నాలుక చురుక్కుమంటున్నా ఊదుకోకుండా తాగేస్తుంది. ఎవరి కోసమూ ఆగే పని లేదు.

ఇచల్‌కరంజిలో వాళ్ల వీధంతా మరమగ్గాలే. వాళ్ల ముందు గది కూడా ఒకప్పుడు మగ్గాల గది. మామగారి రెండు మగ్గాలు ఆడేవి అందులో. అమ్మేసి ఏళ్లయినా, వాటిని గచ్చులోకి బిగించిన మరల మొనలు అలాగే మిగిలిపోయాయి. వాటి మధ్యనే దిగంబర్ కంప్యూటర్ బల్లలు వేయించాడు. కొత్తగా చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ మొదటి రోజు వాటికి కాలి బొటనవేలు కొట్టుకోవలసిందే. "మా నాన్న పెట్టిన ప్రవేశ పరీక్ష రా అది. దెబ్బ తగిలిందా, సీటు ఖాయం" అనేవాడు.

దిగంబర్ మొదట నూలు వ్యాపారి గుమాస్తా. వ్యాపారి కంప్యూటర్ కొన్నాక, దాన్ని తాకే ధైర్యం దుకాణంలో ఇంకెవరికీ లేక, ఆయన నెత్తిన పడింది. పడ్డదాన్ని దించుకోలేదు. ఆదివారాలు బస్సెక్కి కొల్హాపూర్ వెళ్లి నేర్చుకున్నాడు. నేర్చుకున్నది ఇంటికొచ్చి మాలన్‌కు చెప్పేవాడు. ఆమెది జత్ పక్క పల్లె, ఏడో తరగతి చదువు. చపాతీలు ఒత్తుతూ ఊఁ కొట్టేది. "అర్థమైందా" అంటే, "మీకర్థమైతే చాల్లెండి, ఇంటికొకరు చాలు" అనేది. తర్వాత గుమాస్తా పని మానేసి ముందు గదిలో బల్లలు వేశాడు. ఊళ్లో పెద్ద కాలేజీల పిల్లలు కూడా, అక్కడ తలకెక్కనిది ఎక్కించుకోవడానికి ఆ గదికి వచ్చేవారు.

ఆయన పాఠమంతా ఇంటి మాటల్లోనే ఉండేది. కంపైలర్ అంటే అత్తగారు అనేవాడు. "కోడలు పొయ్యి వెలిగించక ముందే వచ్చి, ఉప్పు డబ్బా ఏదీ, మూత ఏదీ, ఇది ఇక్కడెందుకుంది అని అడుగుతుంది చూడూ, అదే కంపైలర్. తిట్టుకోకండి. పొయ్యి మీద మాడిపోయాక చెప్పేదానికన్నా ముందే చెప్పేది నయం." అప్పటికింకా బతికి ఉన్న ఆయన తల్లి లోపలి నుంచి, "ఎవర్రా అది పొద్దున్నే నా ఊసెత్తింది" అనేది. "నిన్ను పొగుడుతున్నానే అమ్మా" అనేవాడు. "ఆ పొగడ్త నీ పెళ్లాం చెవిన పడేలా ఇంకాస్త గట్టిగా పొగుడు" అనేది ఆవిడ.

జావాలో, నడిచే ప్రోగ్రాంకు ఎదురయ్యే ఆపదకు మన సొంత పేరు పెట్టుకునే పాఠం ఒకటుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. పుస్తకాల్లో దానికి బ్యాంకు ఉదాహరణలు ఉండేవి. దిగంబర్ ఆ పుస్తకం పక్కన పెట్టి, బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ముక్కగా రాసేవాడు: చహాథండ్‌ఝాలా. పరదా వైపు చూపించి, "ఇది మా ఇంట్లో రోజూ వచ్చే ఆపద. దీనికి పేరు పెట్టాం. పేరు పెట్టి ఊరుకుంటే కుదరదు. ఆపద పుట్టేది వంటింట్లో. అక్కణ్ణుంచి పరదా, పరదా దగ్గర్నుంచి ఈ గది. దారిలో ఉన్న ప్రతివాణ్ణీ అత్తగారు ఒకటే అడుగుతుంది. ఇదిగో ఆపద వస్తోంది, నువ్వు పట్టుకుంటావా, నావల్ల కాదని పైవాడికి చెబుతావా? రెంటిలో ఏదో ఒకటి రాయాలి. ఏదీ రాయకుండా మౌనంగా కూర్చుంటానంటే ప్రోగ్రాం గడప దాటదు."

ఎవడో ఒకడు ప్రతి బ్యాచిలోనూ తెలివి చూపేవాడు. పట్టుకున్నట్టు రాసి, లోపల ఏమీ రాయకుండా ఖాళీ బ్రాకెట్లు వదిలేసేవాడు. అత్తగారు నోరెత్తదు, ప్రోగ్రాం నడిచిపోతుంది. దిగంబర్‌కు కోపం వచ్చేది ఆ ఒక్కచోటే. చేతిలో ఉన్న డస్టర్ విసిరేవాడు. పేక పోగు తెగితే మగ్గాన్ని ఆపే కొక్కెం ఒకటుంటుంది. గజాలు తగ్గుతాయని చాలా షెడ్లలో దాన్ని తాడుతో కట్టేసి నడిపేవారు. మగ్గం ఆగదు గానీ బట్టలో పేక లేని చార పడుతుంది. ఆయన తండ్రి ఆ కొక్కేన్ని ఎన్నడూ కట్టనివ్వలేదు. "కొక్కెం కట్టేస్తున్నావురా నువ్వు" అనేవాడు దిగంబర్, విసిరిన డస్టర్ తనే వెళ్లి తెచ్చుకుంటూ.

శ్రావణంలో, పొద్దుటి బ్యాచి వెళ్లాక, ఛాతీ పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. మరిది బాళూ బండి మాట్లాడుకొచ్చాడు. కొల్హాపూర్ దారిలోనే అయిపోయింది.

మాలన్ ఏడవలేదు. కాదు, ఏడ్చింది గానీ ఎవరికీ వినపడలేదు. పక్కింటి అక్కాతాయి పదమూడో రోజు వచ్చిన ఆడవాళ్లతో, మాలన్ వింటుండగానే, "గట్టిగా ఏడిస్తే గుండె తేలికపడుతుంది. ఈవిడ రాయిలా కూర్చుంది. అంతా లోపలికే పోనిస్తోంది" అంది. ఎలా ఉన్నావని ఎవరడిగినా మాలన్, "బాగానే ఉన్నాను" అనేది. అడిగినవాళ్లకే చేతికి మంచినీళ్లిచ్చి పంపేది.

బాళూ చెడ్డవాడు కాదు. అన్న పోయాక ప్రతి వారం వచ్చి గ్యాసు బండ సంగతీ, కుళాయి సంగతీ చూసిపోయేవాడు. భాద్రపదంలో ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, "వహినీ, ఒక మాట" అన్నాడు. వదినను అలాగే పిలుస్తాడు. "నూలు కండెలు పెట్టుకోవడానికి ఒకాయన గది వెతుకుతున్నాడు. మంచివాడు, నాకు తెలిసినవాడే. ముందు గది ఉత్తినే పడి ఉంది గదా."

"ఉత్తినే లేదు భావోజీ. ఆదివారం పిల్లలు వస్తున్నారు."

"ఎంతమంది?"

"ఇద్దరు."

బాళూ నవ్వాడు గానీ ఎగతాళిగా కాదు. "ఏడుగురి బ్యాచి. ఐదుగురు బస్టాండు దగ్గరి క్లాసులో చేరిపోయారు. ఈ ఇద్దరూ అయినా పాఠం చెప్పేవాడు లేకుండా ఏం చేస్తారు వహినీ? బల్లల దుమ్ము దులిపి వెళతారు."

"వాళ్ల ప్రోగ్రాం ఒకటుంది. ఆయన మొదలుపెట్టించింది. కాలేజీలో ఇవ్వాలట. అది నడిచేదాకా ఆగండి. ఆయన మొదలుపెట్టిన బ్యాచి ఆయన గదిలోనే ముగియాలి. అంతకన్నా నేనేం అడగను."

"నడవకపోతే?"

మాలన్ దగ్గరి బల్ల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. బాళూ తల గోక్కుని, "దసరా దాకా ఆగమంటాను. దసరా వెళ్లిన సోమవారం మాత్రం వాడు బండ్లు తెచ్చుకుంటాడు. ఆపైన నా మాట పోతుంది" అని వెళ్లిపోయాడు.

ఆ ఇద్దరూ ఋతుజా, సంకేత్. మాలన్‌ను కాకూ అంటారు, పిన్నీ అన్నట్టు. ఋతుజా తండ్రి మగ్గాల షెడ్డులో మేస్త్రీ. సంకేత్ తండ్రికి పెళ్లి పత్రికలు అచ్చేసే ప్రెస్సుంది. ఇద్దరిదీ ఒకే ప్రోగ్రాం, సార్ బోర్డు మీద మొదలుపెట్టిన ఇంటి ప్రోగ్రామే. వంటిల్లు, పరదా, ముందు గది మూడూ ఉంటాయి అందులో. ఒక ఆదివారం ఒకటి బాగుచేస్తే ఇంకో ఆదివారం ఇంకొకటి చెడేది. అత్తగారు ఎర్ర గీతల మీద ఎర్ర గీతలు గీసేది. మాలన్ పరదా ఇవతల పీట వేసుకుని, గోరుచిక్కుళ్లు ఒలుస్తూనో బియ్యం ఏరుతూనో వినేది. ఇంగ్లీషు మాటలు ఆమెకు తెలియవు. గొంతులను బట్టి పని జరుగుతోందో లేదో తెలిసేది.

దసరా వెళ్లిన ఆదివారం వచ్చింది. మర్నాడే సోమవారం.

పొద్దున్న ఒక గొడవ తేలింది. ఋతుజా ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే సంకేత్ ఊఁ కొడుతున్నాడు. ఉన్నట్టుండి ఆ పిల్ల ఆగింది.

"ఏయ్ పత్రికల బాబూ. నువ్వు ఝాలాను ఎలా రాశావు?"

"జె, హెచ్. ఇంకెలా రాస్తారు?"

"సార్ జడ్ పెట్టారు. సార్ ఫైల్లో జడ్ ఉంది, నువ్వు పట్టుకునేచోట జె హెచ్ ఉంది. అందుకే ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరంటోంది."

"మా నాన్న ప్రెస్సులో జె హెచ్చే వేస్తాం. జడ్ వేస్తే జీబ్రా అని చదువుతారు."

"నీ పెళ్లి పత్రికలో వేసుకో జె హెచ్. ఇక్కడ సార్ రాసిందే."

ఝాలా అన్న ఒక్క మాటను ఇంగ్లీషు అక్షరాల్లోకి దించమంటే ఆ ఊళ్లో నలుగురు నాలుగు రకాలుగా దించుతారు. నోటికి అన్నీ ఒకటే. కంపైలర్‌కు నాలుగూ నాలుగు వేరు వేరు మనుషులు. ఇన్ని ఆదివారాల చిక్కు అంతే. మాలన్ చేట కింద పెట్టి చిన్నగా నవ్వుకుంది. శ్రావణం తర్వాత నవ్వడం అదే మొదలు.

కానీ ఆ గీత పోగానే ఇంకో ఎర్ర గీత పడింది. ఈసారి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. పరదా ఇవతల మాలన్‌కు ఆ నిశ్శబ్దం మంచిగా అనిపించలేదు. కాసేపటికి ఋతుజా గొంతు, మెల్లగా: "ఇదేం తప్పు? ఈ ఆపద ఇక్కడ ఎప్పుడూ పుట్టదు, పుట్టనిదాన్ని పట్టుకుంటానని ఎందుకు రాశావు, అంటోంది. సార్ రాసినప్పుడు పుట్టింది గదా. సంకేత్, ఇక్కడ ఏదో ఉండాలి. ఏదీ?"

సంకేత్ కుర్చీ కిర్రుమంది.

"నిన్నే. ఏదీ?"

"తీసేశాను."

"ఏం తీసేశావు?"

"మెల్లగా మాట్లాడు, కాకూ వింటారు." ఆపైన గొంతు ఇంకా తగ్గించాడు. పక్క షెడ్డులో ఆదివారం మగ్గాలు లేవు గనక అయినా వినిపించింది. "సార్‌ను పిలిచే ముక్క. నడిపితే, సార్, చాయ్, సార్, చాయ్, అని తెర మీద పడుతుంది. మూడుసార్లు పిలుస్తుంది. ఆయన రాకపోతే అప్పుడు ఆపద. ఆయన పోయిన వారమే తీసేశాను. కాకూ ఎప్పుడైనా ఇటు వచ్చి చూస్తే? నాకే చూడబుద్ధి కాలేదు."

"తీసేశావు సరే, పట్టుకునేది ఎందుకు ఉంచావు?"

"దాన్ని తీయబుద్ధి కాలేదు. సార్ పెట్టిన పేరు."

ఋతుజా నిట్టూర్చింది. "రెండింటిలో ఒకటి చెయ్యాలి. పిలుపైనా తిరిగి పెట్టాలి. పేరైనా మొత్తం తీసెయ్యాలి. తీసేస్తే ఇప్పుడే నడుస్తుంది. కాలేజీవాళ్లకు ఏం తెలుసు, ఇందులో చాయ్ ఉందో లేదో. తీసేద్దామా?"

మాలన్ పీట మీద నుంచి లేచింది. బియ్యం చేట పక్కకు జరిపింది. పరదాకు చెయ్యి తగిలించి ఒక్క క్షణం ఆగి, పక్కకు తీసి, లోపలికి వచ్చింది. పిల్లలిద్దరూ లేచి నిలబడ్డారు. ఇన్నేళ్లలో ఆమె పాఠం మధ్యలో ఆ గదిలోకి రావడం వాళ్లు ఎరగరు. ఎవరూ ఎరగరు.

"కూర్చోండి" అంది. తను మాత్రం ఎక్కడ కూర్చోవాలో తెలియక, చివరి బల్ల దగ్గర, కొత్త పిల్లలు కూర్చునే కుర్చీలో అంచు మీద కూర్చుంది.

"కాకూ, తప్పయిపోయింది" అన్నాడు సంకేత్.

"తప్పేం లేదురా. నన్ను తలుచుకునే చేశావు." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "నాకొకటి చెప్పు. ఆ ఆపద ఇక ఇక్కడ పుట్టదంటోందా ఆ మిషను?"

"మేం పిలవడం మానేశాం గనక, కాకూ. పిలిస్తే గదా రాకపోవడం. పిలుపే లేనప్పుడు చల్లారడం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆమె తలూపింది. మళ్లీ మళ్లీ ఊపింది. "నిజమే" అంది. తర్వాత, "పిలుపు పెట్టెయ్యి" అంది.

"కాకూ, నడిపిన ప్రతిసారీ పిలుస్తుంది మరి."

"పిలవనీ."

సంకేత్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ముక్కు ఒకసారి చొక్కా భుజానికి తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు. పిలుపు తిరిగి రాగానే పాత గీత పోయి మళ్లీ కొత్త గీత పడింది. ఋతుజా ఈసారి మాలన్ వైపు తిరిగి, సార్ లాగే వేళ్లు మడుస్తూ చెప్పింది. "ఇప్పుడు ఆపద పుట్టిందని ఒప్పుకుంది కాకూ. వంటిల్లు ఏం చేస్తుందో చెప్పమంటోంది. పట్టుకుంటుందా, పైకి చెబుతుందా?"

"వంటింట్లో పట్టుకోవడానికేముంది, పైకే చెప్పాలి" అంది మాలన్.

రాశారు. గీత వంటింటి దగ్గర పోయి పరదా దగ్గర పడింది. "ఇప్పుడు పరదాను అడుగుతోంది."

"పరదా గుడ్డ ముక్క. అది మాత్రం ఏం చేస్తుంది."

అక్కడా పైకి చెబుతానని రాశారు. గీత పరదా దాటి ముందు గదికి వచ్చింది. పైన ఇక చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పట్టుకోవలసింది ఇక్కడే.

"సార్ ఇక్కడ ఏం రాశారో నీకు గుర్తుందా?" అంది ఋతుజా.

"లేదు. ఏదో నవ్వొచ్చేది రాశారు. అంతా కలిపి చెరిపేశాక, పేరొక్కటే మళ్లీ కొట్టాను." సంకేత్ వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. "ఖాళీగా వదిలేస్తే నడుస్తుంది."

"కొక్కెం కట్టేస్తావా? ఈ గదిలో కూర్చుని?"

"కట్టనులే. ఊరికే అన్నా." వెనక్కి తిరిగాడు. "కాకూ, చాయ్ చల్లారితే మీరేం చేసేవారు?"

అలాంటి ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండలేదు. "మళ్లీ వేడి చేద్దునా అనేదాన్ని. వద్దనేవాడు. మరగబెట్టిన చాయ్ మళ్లీ కాస్తే చేదెక్కుతుంది గదా. చల్లగానే తాగేసేవాడు. రోజూ."

"మరి అదే రాయనా? తాగేశారు అని?"

"వద్దు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆ రోజు చల్లారలేదురా."

ఇద్దరూ ఆమెను చూశారు.

"ఆ రోజు నేను పిలవకముందే వచ్చేశాడు. మీరంతా ఇంకా చెప్పులు విప్పుతున్నారు. వచ్చి పిండి డబ్బా మీద కూర్చుని, చాయ్ ఇవ్వవే అన్నాడు. వేడివేడిగా తాగాడు, నోరు కాలుతున్నా. నేను సంతోషపడ్డాను. ఇన్నేళ్లకు నా మాట విన్నాడనుకున్నాను. ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడా అని వెక్కిరించాను కూడా." కొంగు చుట్టుకున్న వేలు తెల్లబడింది. "ఒంట్లో బాగాలేక లోపలికి వచ్చి కూర్చున్నాడు. అది నాకు తెలియలేదు. చల్లారకపోతే ఏదో అయిందని తెలుసుకోవద్దా నేను? అన్నేళ్లు కాపురం చేసి."

ఎవరికీ చెప్పని మాట అది. బాళూకూ చెప్పలేదు, అక్కాతాయికీ చెప్పలేదు. చెప్పాక ఆమెకు ఏడుపు వచ్చింది. ఈసారి వినపడేలాగే వచ్చింది. ఋతుజా లేచి వచ్చి కుర్చీ పక్కన గచ్చు మీద కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. సంకేత్ తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి.

కాసేపటికి మాలన్ మొహం తుడుచుకుంది. "ఇక వచ్చి తాగేవాడు లేడు. చల్లారింది అని రాయి. అంతే. ఇంకేం రాయకు. అబద్ధం ఎందుకు."

రాశాడు. ఋతుజా అక్షరాలు ఒక్కొక్కటే సరిచూసింది, జడ్ దగ్గర ఆగి మరీ. కంపైలర్‌కు ఇచ్చారు. ఒక్క ఎర్ర గీతా పడలేదు. నడిపించారు. తెర మీద పడ్డదాన్ని ఋతుజా పైకి చదివింది: సార్, చాయ్. సార్, చాయ్. సార్, చాయ్. ఆ తర్వాత కింది వరుసలో, చహా థండ్ ఝాలా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బ్యాచి ముగిసిన రోజు చప్పట్లు కొట్టించడం సార్ అలవాటు.

మాలన్ లోపలికి వెళ్లి ముగ్గురికీ చాయ్ పెట్టింది. పళ్లెంలో ఖారీ బిస్కట్లు పోసింది. అవి కొరికితే సగం నోట్లో, సగం గచ్చు మీద. సంకేత్ రెండోసారి తీసుకుంటూ, "కాకూ, కాలేజీలో అడిగితే ఈ పేరేమిటని, ఏం చెప్పమంటారు?" అన్నాడు.

"మా గురువుగారింటి ఆపద అని చెప్పు" అంది ఋతుజా.

"పరువు పోతుందే."

"నీకుందా పోవడానికి?"

ప్రోగ్రాంను చిన్న పుల్లంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ఆ పుల్లను ఋతుజా రుమాలులో మూటకట్టి సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ వంగి మాలన్ కాళ్లకు దండం పెట్టారు. గుమ్మం దాకా వచ్చింది ఆమె. "మళ్లీ వస్తాం కాకూ" అన్నారు. వెళ్తాం అనకూడదు గనక అలాగే అన్నారు. ఎప్పుడని ఆమె అడగలేదు. సైకిలు మీద సంకేత్, వెనక నడుస్తూ ఋతుజా, ఏదో పోట్లాడుకుంటూనే మలుపు తిరిగారు.

సాయంత్రం బాళూ ఫోను చేశాడు. "ఏమైంది వహినీ?"

"నడిచింది భావోజీ."

"నడిచిందా" అన్నాడు. "అన్న ఉంటే ఊరంతా చెప్పేవాడు." గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్నే వాడు కండెలు తెస్తాడు. బల్లలు నేనొచ్చి మోయిస్తాను, మీరేం ముట్టుకోకండి. ఒక్కసారి ఊడ్చి తడిగుడ్డ పెట్టించి ఉంచండి, చాలు. కొత్తవాళ్లు వచ్చే గది గదా."

"సరే" అంది.

చీపురు తీసుకుని ముందు గదిలోకి వచ్చింది. గచ్చు నిండా ఖారీ పొట్టు, చించిన కాగితం ముక్కలు, పిల్లల చెప్పుల మట్టి. సంకేత్ కుర్చీ వెనక్కి తోసినచోట గీసుకున్న గుర్తు పడి ఉంది. నడుం వంచింది. ఆ రోజు దిగంబర్‌ను మోసుకుపోయినవాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, అక్కాతాయి ఇదే గదిని గోడ మూల నుంచి గుమ్మం దాకా ఊడ్చి, బిందెలతో నీళ్లు కొట్టింది. అలా చెయ్యాలి. పోయినవాళ్ల వెనక వెంటనే ఊడుస్తారు. తిరిగి రావలసినవాళ్ల వెనక ఊడవరు.

మాలన్ నడుం ఎత్తింది. చీపురు వంటింట్లో తలుపు వెనక దాని చోట దానికి ఆనించి, ముందు గది లైటు ఆర్పి, గచ్చును అలాగే వదిలేసింది.